కుక్క పడక పరిశుభ్రత

కుక్క పడక అనగా పెంపుడు కుక్క పడుకొనుటకు ఇంటివారు కేటాయించిన చాప, గోనెపట్టా, బొంత, పరుపు లేదా చిన్న మంచము. దీనిని తగిన వ్యవధిలో ఉతికి, ఎండబెట్టి, పురుగు చేరకుండా, దుర్వాసన రాకుండా చూచుకొనుట కుక్కల పెంపకములో ముఖ్యమైన భాగము. చాలామంది దీనిని వాసనకు సంబంధించిన విషయముగా మాత్రమే భావిస్తారు. కాని కుక్కలకు ప్రాణాంతకమైన కొన్ని వ్యాధులు, మనుషులకు కూడా సోకే మరికొన్ని వ్యాధులు పడక ద్వారా, పడక చుట్టుపక్కల నుండి వ్యాపిస్తాయి.

ఈ వ్యాసములో గోదావరి డెల్టా పరిస్థితులకు ప్రాధాన్యము ఇవ్వబడినది. ధవళేశ్వరము దిగువన ఉన్న ఈ ప్రాంతము పూర్వము తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఇది పలు జిల్లాల కిందికి వచ్చినది. కాలువలు, చెరువులు, వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరితోటలతో నిండి ఉండుట వలన ఇక్కడ గాలిలో తేమ సంవత్సరము పొడవునా అధికము. పొడి ప్రాంతములకు వ్రాసిన సలహాలు ఇక్కడ యథాతథముగా పనిచేయవు.

పడకకు వాడే వస్తువులు

డెల్టా గ్రామములలో కుక్కకు ప్రత్యేకముగా పడక కొనుట ఇటీవలి అలవాటు. పూర్వము ఇంటి కుక్క అరుగు మీదనో, వసారాలోనో, గడ్డిమేటు పక్కనో పడుకొనేది. చలికాలములో పొయ్యిలోని వెచ్చని బూడిదలో ముడుచుకొని పడుకొనుట తెలుగువారందరికీ తెలిసిన దృశ్యమే. నేటికీ ఎక్కువ ఇళ్ళలో కుక్కకు దక్కేది పాత గోనెసంచి, చిరిగిన బొంత లేదా తుంగచాప ముక్క.

గోనె చవక, గాలి ఆడుతుంది. అయితే నీటిని బాగా పీల్చుకుంటుంది, తడిసిన గోనె వానాకాలములో ఆరదు. దాని నేత సందులలో దుమ్ము, వెంట్రుకలు, పురుగు గ్రుడ్లు సులభముగా నిలుస్తాయి. పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంత నిజానికి చాలా మంచి పడక. మొత్తముగా ఉతకవచ్చును, పిండవచ్చును, దండెము మీద వేస్తే రెండు వైపులా ఎండ తగులుతుంది. బొంత చిరిగితే పారవేయుటకు ఎవరికీ మనసు కష్టము కాదు కూడా.

బూరుగు దూది పరుపు మెత్తగా ఉంటుంది గాని ఉతికితే దూది ఉండలు కట్టి పాడైపోతుంది. అందువలన కుక్క మూత్రము ఒకసారి లోపలికి ఇంకితే దానిని బాగుచేయుట కష్టము. నురగ పరుపుది మరొక సమస్య. పైన ఆరినట్లు కనిపించినా లోపల తడి రోజుల తరబడి నిలిచి ముక్కవాసన పట్టుతుంది.

కోనసీమకు చెందిన వస్తువు కొబ్బరి పీచు. అంబాజీపేట, అమలాపురము ప్రాంతములలో కొబ్బరి డొక్కల నుండి పీచు తీసే పరిశ్రమ కలదు. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన కొబ్బరి పీచు బోర్డు ప్రాంతీయ కార్యాలయము రాజమహేంద్రవరములో ఉన్నది. పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థము అధికముగా ఉండుట వలన అది తేమకు త్వరగా కుళ్ళదు, పోగుల మధ్య గాలి ఆడుతుంది. రబ్బరు పాలు చల్లి అచ్చు వేసిన పీచు పలకను పడక అడుగున వేసి, పైన ఉతకదగిన గుడ్డ తొడుగు వేస్తే డెల్టా వాతావరణమునకు సరిపోతుంది. పీచును నేరుగా వేయరాదు. పోగులు ముసలి కుక్కల మోచేతులను గీస్తాయి, పిల్లలు కొరికి మింగుతాయి.

కొత్త వరిగడ్డి కూడా మంచి పడకయే. వెచ్చగా ఉంటుంది, మురికి అయితే తీసివేసి కొత్తది వేయవచ్చును. కాని గడ్డి పూర్తిగా ఎండినదై ఉండవలెను. వానకు తడిసి నల్లబడిన గడ్డిలో బూజు పెరుగుతుంది, దాని దుమ్ము కుక్కకూ, గడ్డి మార్చే మనిషికీ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వస్తువు ఏదైనను, పడకను నేలకు ఆనించి ఉంచరాదు. నాలుగు ఇటుకలు, ఒక చెక్కపలక చాలును. పాత నులకమంచమును కాళ్ళు కోసి పొట్టిగా చేసి వాడుట కూడా కొందరి అలవాటు. నేలకు ఎత్తుగా ఉంటే అడుగున గాలి ఆడుతుంది, మట్టిలోని చెమ్మ పైకి రాదు. తేమగల ఇసుక నేలలో బ్రతికే కొంకిపురుగు పిల్లలు కుక్క చర్మము గుండా లోపలికి పోయే అవకాశము కూడా తగ్గుతుంది.

వాసనకు కారణములు

కుక్క చర్మము నుండి వచ్చే జిడ్డు గుడ్డకు అంటుకొని, అక్కడ సూక్ష్మజీవులు పెరుగుట వలన పడకకు వాసన వస్తుంది. చర్మము మీద సహజముగా నివసించే మలసీజియా అనే ఈస్టు ఈ జిడ్డును తిని బ్రతుకుతుంది. తేమ ఎక్కువైనచోట ఇది విపరీతముగా పెరిగి పులిసిన వాసన కలిగిస్తుంది. కుక్క తడిసినపుడు వాసన ఒక్కసారిగా పెరుగుటకు కారణము వేరు. వెంట్రుకలకు అంటుకొని ఉన్న వాసన పదార్థములను నీరు విడదీయగా అవి ఆవిరితో కలిసి గాలిలోకి లేస్తాయి. కాలువలో ఈది వచ్చిన కుక్కను తుడవకుండా పడక మీదికి పోనిస్తే ఈ జిడ్డు, బురద, తడి మూడూ పడకలో చేరుతాయి.

బాగుగా ఉతికి ఎండబెట్టిన పడక రెండు మూడు రోజులలో మళ్ళీ కంపు కొడితే తప్పు పడకది కాదు, కుక్కకే ఏదో వ్యాధి ఉన్నదని అనుమానించవలెను. చెవిలో చీము, పళ్ళ చుట్టూ కుళ్ళు, చర్మవ్యాధి, మలద్వారము పక్కనున్న గ్రంథుల వాపు, ముసలితనములో తెలియకుండా మూత్రము పోవుట ఇందుకు సామాన్య కారణములు. ఇటువంటపుడు పడకను ఎన్నిసార్లు ఉతికినను ప్రయోజనము లేదు, పశువైద్యునికి చూపించవలెను.

పడకను ఆశ్రయించే జీవులు

జనము "కుక్క పేలు" అని ఒకే మాటతో పిలిచేవాటిలో నిజానికి వేర్వేరు జీవులు ఉన్నాయి. వీటి జీవితచక్రము తెలియకపోతే పడకను శుభ్రము చేయుట సగము పనిగానే మిగులుతుంది.

మొదటిది పిడుదు (గోమారి). డెల్టాలో ఇంటి కుక్కల మీద ఎక్కువగా కనిపించేది గోధుమవర్ణపు కుక్క పిడుదు. దీని శాస్త్రీయ నామము రిపిసెఫాలస్ సాంగ్వినియస్. ఇది మూడు దశలలోనూ కుక్క రక్తమునే ఇష్టపడుతుంది, కాని ఒక్కొక్క దశ తరువాత కుక్క మీద నుండి దిగిపోతుంది. కడుపునిండా రక్తము త్రాగి శనగగింజ వలె ఉబ్బిన ఆడ పిడుదు పడక నుండి బయలుదేరి గోడ ఎక్కి, ఇటుకల సందులోనో, గుమ్మము చెక్క పగులులోనో చేరి వేలకొద్ది గ్రుడ్లు పెట్టి చనిపోతుంది. గ్రుడ్ల నుండి వచ్చిన పిల్లలు తిరిగి కుక్క పడుకొనే చోటును వెదకుకొని వస్తాయి. ఆహారము లేకుండా కొన్ని నెలలు బ్రతకగలవు. కనుక పిడుదుల బెడద ఉన్న ఇంటిలో గుడ్డ ఉతుకుట కంటె పడక ఉన్న మూలను చూచుట ముఖ్యము. పాత పెంకుటిళ్ళలో గోడల బీటలను సున్నముతోనో, సిమెంటుతోనో పూడ్చుట మందు చల్లుట కంటె ఎక్కువ కాలము పనిచేస్తుంది.

ఈ పిడుదు వలన ఎర్లీకియోసిస్, బెబీసియోసిస్ అనే రెండు వ్యాధులు వస్తాయి. మొదటిదానిలో జ్వరము, తిండి మానుట, రక్త ఫలకికలు తగ్గుట, ముక్కు నుండి రక్తము కారుట కనిపిస్తాయి. రెండవదానిలో ఎర్ర రక్తకణములు నాశనమై మూత్రము ముదురు రంగులోకి మారుతుంది. ఆలస్యము చేస్తే రెండింటిలోనూ కుక్క చనిపోవచ్చును. ఎర్లీకియోసిస్‌ను తొలిదశలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే సాధారణ మందుతో నయము చేయవచ్చును. కుక్క రెండు రోజులు అన్నము ముట్టకపోతే, పడక మీద ఉబ్బిన పిడుదులు కనిపిస్తే, ఆ మాటను వైద్యునితో తప్పక చెప్పవలెను.

రెండవది దూకే పురుగు. రెక్కలు లేకుండా, పక్కల నుండి నొక్కినట్లు సన్నగా ఉండి, వెంట్రుకల మధ్య పరుగెత్తి దూకుతుంది. పిడుదుకు భిన్నముగా దీని పెద్ద పురుగు కుక్క మీదనే ఉంటుంది, కాని గ్రుడ్లు జిగురు లేనివి గనుక జారి పడకలో రాలుతాయి. ఆడ పురుగు రోజుకు 40 వరకు గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్ల నుండి వచ్చిన పిల్లపురుగులు వెలుతురుకు భయపడి గుడ్డ మడతల అడుగుకు పోయి, పెద్ద పురుగుల మలములోని ఎండిన రక్తమును తింటూ పెరిగి, గూడు కట్టుకొంటాయి. కుక్క మీద కనిపించేవి మొత్తములో కొద్ది భాగము మాత్రమే, మిగిలినవన్నీ పడకలో, పడక చుట్టూ ఉంటాయి. పిల్లపురుగులకు తేమ అవసరము. పొడి గాలిలో చనిపోతాయి గనుకనే రాయలసీమ వేసవి కంటె డెల్టా వాతావరణము వీటికి అనుకూలము.

పడక మీద దోసగింజల వంటి తెల్లని గింజలు కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. ఈ దూకే పురుగును కుక్క కొరికి మింగినపుడు బద్దెపురుగు దాని కడుపులో చేరుతుంది. పడకతో ఆడుకొనే చిన్నపిల్లలు పొరపాటున పురుగును మింగితే వారికీ రావచ్చును.

తామర పురుగు కాదు, శిలీంధ్రము. కుక్కకు వెంట్రుకలు గుండ్రముగా రాలి పొక్కులు కట్టుట, అదే సమయములో ఇంటి పిల్లల చేతుల మీద గుండ్రని మచ్చలు వచ్చుట దీని గుర్తులు. రాలిన వెంట్రుకలలోని దీని బీజములు ఏడాదికి పైగా బ్రతకగలవు. తామర వచ్చిన కుక్క పడక పాతదైతే తగులబెట్టుటయే మేలు.

ఉతుకు పద్ధతి

ఉతుకుటకు ముందు పడకను ఇంటిలో దులపరాదు. పెరటిలో, గాలివాలు చూచి దులపవలెను. లేనిచో గ్రుడ్లు, వెంట్రుకలు ఇల్లంతా పడతాయి. వెంట్రుకలు వదలని పడకను తడిపిన రబ్బరు చెప్పు అడుగుతో ఒకే దిశలో రాస్తే ఉండలుగా వస్తాయి.

మూత్రము, వాంతి, రక్తము అంటినపుడు ముందుగా చన్నీటితో కడగవలెను. వేడినీరు పోస్తే మాంసకృత్తుల మరక గుడ్డకు పట్టుకొంటుంది. తరువాత సబ్బుపొడి కలిపిన 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో అరగంట నానబెట్టి ఉతికితే పురుగులు, వాటి గ్రుడ్లు నశిస్తాయి. గృహస్థులకు ఇది కొత్త విషయము కాదు. చాకలివారు బట్టలను చౌడుతోనో, చాకలిసోడాతోనో తడిపి బానలో ఆవిరికి ఉడికించే "ఉబ్బ" పద్ధతి ఇదే పని చేసేది. వేడినీటికి వీలు లేని గుడ్డను ఉతికిన తరువాత ఎక్కువసేపు తీవ్రమైన ఎండలో తిప్పి తిప్పి ఆరవేయవలెను.

సముద్రమునకు దగ్గరగా ఉన్న మండలములలో బోరునీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటిలో సబ్బు నురగ కట్టదు, తెల్లని తెట్టు గుడ్డలో నిలిచి కుక్కకు దురద పుట్టిస్తుంది. కనీసము చివరి జాడింపు మంచినీటితోనో, కాలువనీటిని తేర్చిన నీటితోనో చేయవలెను. చివరి బకెట్టులో అరగ్లాసు వెనిగర్ కలిపితే సబ్బు జిడ్డు, వాసన రెండూ తగ్గుతాయి. వెనిగర్ వాసన గుడ్డ ఆరిన తరువాత ఉండదు. పడకను ప్రతిరోజూ ఉతకలేనివారు తినే సోడాను పొడిగా చల్లి, గంటసేపు ఉంచి, పూర్తిగా దులిపివేయవచ్చును.

తొడుగును వారమునకు ఒకసారి, లోపలి మెత్తను నెలకు ఒకసారి ఉతుకుట సాధారణ నియమము. తొడుగులు రెండు ఉంచుకొనుట అవసరము. ఒకే తొడుగు ఉన్న ఇంటిలో అది ఆరేవరకు కుక్క సోఫా మీద పడుకుంటుంది.

కాలమును బట్టి

డెల్టాలో ఎండ బాగా కాసే ఏప్రిల్, మే నెలలలోనే మరమ్మతుల కొరకు కాలువలు కొన్ని వారములు కట్టివేస్తారు. అనగా ఎండ ఉన్నపుడు నీరు తక్కువ, నీరు వచ్చేసరికి ఎండ పోతుంది. అందువలన పరుపు, పీచు పలక, బరువైన బొంత వంటివాటిని కాలువ కట్టుటకు ముందే ఉతికించి, రోహిణీ కార్తె ఎండలో చివరిసారి ఎండబెట్టి, వానలకు సిద్ధముగా ఉంచుకొనుట అనుభవజ్ఞులు చేసే పని.

ముసురు పట్టిన రోజులలో మెత్తను ఉతకరాదు. ఆరక ముక్కిపోయిన శుభ్రమైన పరుపు కంటె కొద్దిగా మాసిన పొడి పరుపు మేలు. అటువంటి రోజులలో తొడుగు మాత్రము మార్చి, మెత్తను పంకా కింద నిలువుగా పెట్టి రెండు వైపులా గాలి తగలనివ్వవలెను. కుక్క బయటినుండి వచ్చినపుడు కాళ్ళు, పొట్ట తుడుచుటకు గుమ్మము వద్ద పాత తువ్వాలు ఉంచితే సగము వాసన గుమ్మము దాటదు.

వాడకూడని పదార్థములు

వాసన, పురుగు పోగొట్టుటకు ఇంటిలో సులభముగా దొరికే కొన్ని వస్తువులు కుక్కకు విషములు. కుక్క తన పడకను నాకుతుంది, కొరుకుతుంది, రోజులో సగము సేపు ముక్కు దానికి ఆనించి పడుకుంటుంది. ఈ సంగతి మరచుట వలననే ప్రమాదములు జరుగుతాయి.

కలరా ఉండలు (నాఫ్తలీన్) పడక మడతలలో పెట్టుట చాలా ప్రమాదకరము. ఒక్క ఉండ మింగినను చిన్న కుక్కకు ఎర్ర రక్తకణములు పగిలిపోవచ్చును. కర్పూరము మింగితే మూర్ఛలు వస్తాయి. ఫినాయిల్‌తో నేల కడిగిన తరువాత నీటితో మళ్ళీ కడిగి ఆరనిచ్చి పడక వేయవలెను, పడక మీద మాత్రము చల్లరాదు. ఇంటిలో పిల్లి ఉంటే మరింత జాగ్రత్త అవసరము. ఫినాల్ పదార్థములు, పెర్మెత్రిన్ గల పిడుదుల మందులు పిల్లులకు ప్రాణాంతకములు.

వరి పండించే ఇళ్ళలో చేనికి తెచ్చిన పురుగుమందు మిగిలి ఉంటుంది. దానిని నీటిలో కలిపి కుక్క పడక మీద చల్లుట ఎన్నడూ చేయరాదు. సేంద్రియ భాస్వర మందులు చర్మము ద్వారా కూడా ఒంటికి ఎక్కి చొంగ కారుట, వణుకు, ఊపిరాడకపోవుట కలిగిస్తాయి. పూర్వము ఇళ్ళలో విరివిగా చల్లిన గమాక్సిన్ పొడి బెంజీన్ హెక్సాక్లోరైడ్ వర్గమునకు చెందినది. ఈ మందును భారతదేశములో 1997లో నిషేధించారు, అదే వర్గపు లిండేన్ వాడకము 2013లో నిషిద్ధమైనది. పాత డబ్బాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాడరాదు.

అత్తరులు, సువాసన ద్రవములు అనవసరము. వాసనను గ్రహించే కణములు మనిషికి సుమారు 50 లక్షలు ఉండగా కుక్కకు 20 కోట్లకు పైగా ఉంటాయని అంచనా. మనకు ఆహ్లాదముగా తోచే మల్లెపూల వాసన దానికి పడకను విడిచి గచ్చు మీద పడుకొనేంత ఘాటు కావచ్చును. ఎండిన వేపాకును పడక అడుగున పరచుట పల్లెలలో ఉన్న అలవాటు. దీని వలన కీడు లేదు, కాని దీనినే నమ్ముకొని పిడుదుల మందు మానరాదు.

అంటువ్యాధి వచ్చిన కుక్క పడక

పార్వో వైరస్ కుక్కపిల్లలకు రక్త విరేచనములు కలిగించి కొద్ది రోజులలో చంపుతుంది. ఈ వైరస్ సబ్బుకు, ఎండకు త్వరగా లొంగదు, పరిసరములలో నెలల తరబడి బ్రతుకుతుంది. పిల్ల చనిపోయిన ఇంటివారు దిగులు తీరుటకు మరొక పిల్లను తెచ్చి అదే గోనె మీద పడుకోబెట్టుట, అది కూడా వారములో చనిపోవుట తరచుగా జరిగే విషాదము. పాత పడకను తగులబెట్టి, ఆ చోటును కడిగి, సుమారు 5 శాతము గల ద్రవ బ్లీచు ఒక వంతుకు 30 వంతుల నీరు కలిపి 10 నిమిషములు తడిగా ఉంచవలెను. మట్టినేలను ఈ విధముగా శుద్ధి చేయుట సాధ్యము కాదు గనుక, టీకాలు పూర్తికాని పిల్లను కొన్ని నెలల వరకు ఆ చోటికి తేరాదు. టీకాలు 6 నుండి 8 వారముల వయసులో మొదలవుతాయి.

బ్లీచును మూత్రముతో తడిసిన పడక మీద గాని, వెనిగర్‌తో కలిపి గాని వాడరాదు. విషవాయువులు పుడతాయి.

వరద తరువాత

గోదావరికి 1986 ఆగస్టులోను, 2006లోను, 2022 జూలైలోను పెద్ద వరదలు వచ్చాయి. 2022లో ధవళేశ్వరము వద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు దాటినది. అటువంటి సమయములో లంక గ్రామములలో మనుషులు, పశువులు, కుక్కలు, ఎలుకలు మిగిలిన కొద్ది మెరక మీదనే చేరుతాయి. ఎలుకల మూత్రము కలిసిన నీటి వలన లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరము) కుక్కలకూ మనుషులకూ సోకుతుంది. వ్యాధి సోకిన కుక్క మూత్రములో కూడా ఈ క్రిములు బయటపడతాయి. పడక ఉతికేవారి చేతికి గాయముంటే వాటి ద్వారా లోపలికి పోగలవు. కనుక వరదనీటిలో తడిసిన పడకను చేతి తొడుగులు, లేదా కనీసము ప్లాస్టిక్ సంచులు తొడుగుకొని ముట్టుకొనవలెను.

ఒండ్రు పట్టిన నురగ పరుపు, బూరుగు దూది పరుపు, గడ్డి పనికిరావు. బొంత, తొడుగు, పీచు పలకలను ముందు ఒండ్రు పోయేవరకు కడిగి, వేడినీటి సబ్బుతో ఉతికి, చెమ్మ అనేది లేకుండా ఎండబెట్టవలెను. ఈ క్రిమి తడిలో వారముల తరబడి బ్రతికినను ఎండిన చోట నిలువలేదు. ఇల్లు ఆరేవరకు కుక్కకు ఎత్తైన పలక మీద వేసిన పొడి ఎరువుల సంచి చాలును. అయితే దానిలో ఎరువు పొడి మిగలకుండా ముందుగా రెండు మూడుసార్లు కడగవలెను.